మంచి మాటలు అయ్యేదాకా

రేడియో పనిలో కొత్తగా చేరిన పిల్లలు అప్పుడప్పుడు మా ఇంటికి వస్తుంటారు. ముసలాయన ఏవో మెళకువలు చెబుతాడని వాళ్ళ ఆశ. వాళ్ళడిగేవన్నీ వాల్వుల గురించి, బ్యాటరీల గురించి. అవన్నీ పుస్తకాల్లో ఉన్నాయి, నేను చెప్పగలిగిన దానికంటే బాగా ఉన్నాయి. పుస్తకాల్లో లేనివి కొన్ని ఉన్నాయి. వాటికోసమే ఈ నాలుగు పేజీలు. నాకు ప్రమోషన్ ఎప్పుడొచ్చింది, ఏ బదిలీ ఎవరి పుణ్యం అనే సంగతులు రాసి మీ ఓపికను పరీక్షించను.

యాభైలలో, అరవైలలో బళ్ళారి జిల్లా పల్లెల్లో ప్రభుత్వం పెట్టించిన రేడియోలను చూసుకోవడం నా ఉద్యోగం. అప్పట్లో చాలా ఊళ్ళకు ఒక్కటే రేడియో. పంచాయతీ ఆఫీసులో చెక్కపెట్టెలో ఉండేది. పెట్టెకు తాళం, తాళంచెవి నా దగ్గర. ముల్లును ఒకే స్టేషను మీద బిగించి ఉంచేవాళ్ళం, ఎవరూ తిప్పడానికి లేదు. లోపల ఒక గడియారం ఉండేది. దాన్ని ఏ వేళకు పెడితే ఆ వేళకు రేడియో తనంతట తాను పలికేది, వేళ తీరగానే ఆగేది. ఆఫీసు మిద్దె మీద ఇనుప కొమ్ములాంటి లౌడ్‌స్పీకరు. జనం దాన్ని మైకు అనేవాళ్ళు. నేనూ మైకనే రాస్తాను.

మాది బళ్ళారిలో తరతరాలుగా ఉన్న తెలుగు కుటుంబం. ఇంట్లో తెలుగు, బడిలో కన్నడం, బజారులో కాస్త ఉర్దూ. సైకిలుకు వెనక బ్యాటరీ, ముందు పనిముట్ల సంచి కట్టుకుని కంప్లి నుంచి తెక్కలకోట దాకా తిరిగేవాణ్ణి. నా అసలు పేరు ఏ ఊళ్ళోనూ ఎవరూ అడగలేదు. అందరికీ నేను రేడియప్పనే.

టెంకాయ తేమ

ఉద్యోగంలో మొదటి పాఠం బండ్రి వైపు ఒక ఊళ్ళో నేర్చుకున్నాను. రేడియో మూగబోయిందని కబురొచ్చింది. వెళ్ళి తాళం తీస్తే లోపలంతా జిగట. పెట్టె మీద పసుపు, కుంకుమ, ఎండిన బంతిపూలు. ముందటి రోజు ఆయుధపూజ. ఊరి పెద్దలు పెట్టె నెత్తినే టెంకాయ కొట్టారు, నీళ్ళు గాలి కన్నాల్లోంచి నేరుగా వాల్వుల మీదికి దిగాయి.

"ఇంత పని చేస్తారా అప్పా?" అన్నాను.

"ఏం పని? లారీకి కొడతాం, మగ్గానికి కొడతాం, దీనికి కొట్టకుంటే పాపం కాదా?" అని పెద్దాయన నన్నే గద్దించాడు. "ముందే చెప్పింటే నీళ్ళు పక్కకు వంచి కొడతా ఉంటిమి."

రిపేరుకు కారణం 'తేమ' అని రాశాను. మా ఇంజనీరు రాఘవాచారి గారు ఆ కాగితం చూసి, "బండ్రిలో, ఈ ఎండల్లో, తేమా?" అన్నారు.

"టెంకాయ తేమ సార్."

ఆయన కాగితం మడిచి ఫైల్లో పెట్టారు. "అది రాయకు" అన్నారు.

ఈ రాఘవాచారి గారిని మీరు చూసి ఉండాల్సింది. ఇంట్లో నుదుట నిలువు నామం పెట్టుకుని, ఆఫీసు గడపలో రుమాలుతో తుడుచుకుని లోపలికి వచ్చేవారు. సాయంత్రం గడప దాటాక మళ్ళీ పెట్టుకునేవారు. దేవుడికీ ప్రభుత్వానికీ మధ్య ఆయన గీసుకున్న గీత ఆ రుమాలే. అంత శుభ్రమైన గీత నాకు ఇంకెక్కడా కనబడలేదు.

పొద్దున ఐదు నిమిషాలు

పొద్దున ప్రసారం మొదలవగానే ఒక ఐదు నిమిషాలు భక్తి మాటలు వచ్చేవి. ఒక స్వామి గానీ, పండితుడు గానీ, రిటైరైన మాస్టరు గానీ ఏదో ఒక నీతి చెప్పేవాడు. కన్నడంలో చెప్పేవాళ్ళు. జనం వాటిని 'మంచి మాటలు' అనేవాళ్ళు.

నా అభిప్రాయం దాచను. వాటిలో చాలావరకు బాగుండేవి కావు. ఒకాయన ప్రతిసారీ జీవితాన్ని పడవ అనేవాడు. తుంగభద్ర పక్కన పడవలు నడిపేవాళ్ళకు కూడా విసుగొచ్చేన్నిసార్లు అన్నాడు. ఇంకొకాయన దగ్గుతూ మొదలుపెడితే, దగ్గు తగ్గేలోపు ఐదు నిమిషాలు అయిపోయేవి. ఎప్పుడో ఒకసారి ఒకరు మాత్రం పక్కన కూర్చుని చెప్పినట్టు చెప్పేవారు. అలాంటి పొద్దున నేను కూడా సైకిలు దిగి విన్నాను.

మంచి మాటలు రేడియోలో ఉండాలా వద్దా అన్న వాదం ఇప్పుడు మళ్ళీ వినిపిస్తోందని విన్నాను. మాకు ఆ వాదం అప్పుడే వచ్చింది, అదీ కంప్లి దగ్గర ఒక ఊళ్ళో. ఆ ఊరి పేరు రాయను. ఆ ఊరివాళ్ళు ఇప్పటికీ నన్ను పెళ్ళిళ్ళకు పిలుస్తారు, ఆ భోజనాలు పోగొట్టుకోవడం నాకిష్టం లేదు.

మైకు కింద

కాలువ నీళ్ళు వచ్చిన కొత్త. కోస్తా నుంచి వచ్చిన రైతులు భూములు కొని, ఊరికి అవతల క్యాంపు కట్టుకుని వరి వేస్తున్నారు. నాట్ల కాలంలో కూలీలకు యమ గిరాకీ. పొద్దున్నే ఊరి ఆడవాళ్ళంతా పంచాయతీ ఆఫీసు ముందు, మైకు కింద చేరేవాళ్ళు. రైతులు బండ్లు కట్టుకుని అక్కడికే వచ్చి పిలుచుకుపోయేవాళ్ళు.

ఆ ఊళ్ళో ఒక కట్టుబాటు ఉండేది. మంచి మాటలు అయ్యేదాకా ఎవరూ కూలి మాట ఎత్తకూడదు. దీన్ని పెట్టింది శరణయ్య అనే ముసలాయన. రోజూ స్నానం చేసి వచ్చి మైకు కింద చాప వేసుకుని కళ్ళు మూసుకుని వినేవాడు. ఒకసారి కళ్ళు తెరిచేసరికి రైతులు బేరాలాడుతూ కనిపించారు. "దేవుని మాట నడస్తాంటే సంత పెట్టినారా! అయ్యేదాకా నోరు మూసుకుని ఉండండప్పా!" అని కట్టె ఎత్తాడు. ఆ రోజు నుంచి అదే ఆచారం. రైతులు చెప్పులు విప్పి, తలపాగాలు తీసి, బండ్ల పక్కన తల వంచుకుని నిలబడేవాళ్ళు. ఆడవాళ్ళు ఈ పక్క గుంపుగా కూర్చుని, కొంగు తల మీదికి లాక్కుని, చేతులు జోడించుకునేవాళ్ళు. వాళ్ళ పెదవులు కదులుతుండేవి. ఎంత భక్తో అని నేను చాలా కాలం అనుకున్నాను.

అసలు సంగతి నాకు నిచ్చెన మీద తెలిసింది. మైకు గొట్టంలో కందిరీగలు గూడు పెడితే తీయడానికి పొద్దున్నే మిద్దెకు నిచ్చెన వేసి ఎక్కాను. నేనింకా మైకు వెనకే ఉండగా గడియారం కొట్టింది, రేడియో పలికింది. ఆ పొద్దు విషయం కోరికలు. కోరికలే మనిషికి సంకెళ్ళు, ఏమీ కోరనివాడే సుఖి అని పైన ఒక పండితుడు నింపాదిగా చెబుతున్నాడు. మైకు ముందు భాగం బండ్ల వైపు ఉంది కాబట్టి, వెనక ఉన్న నాకు కింద ఆడవాళ్ళ మాటలు కూడా వినిపిస్తున్నాయి.

"ఈ పొద్దు యాడికి?"

"సుబ్బారాయుడప్ప మడికి నీళ్ళెక్కినాయంట. ఆడికి పోదాం. నీడ ఉండాది, మజ్జిగ పోస్తారు."

"బిడ్డతల్లులను మద్యాన్నం ఇంటికి పంపుతాడా?"

"ముందు ఆ మాట ఒప్పుకోవాల. ఒప్పుకునేదాకా ఎవురూ లేసేది లేదు. ఒక్కరు లేస్తే అందరం చెడతాం."

ఆ చివరి మాట హంపమ్మది. కూలి గుంపుకు పెద్ద. పొట్టిగా, గట్టిగా ఉండే మనిషి. ముందటి పంటలో ఆమె కూతురు గంగమ్మ పసిబిడ్డను చేనికి తీసుకుపోయి, గట్టు మీద చీరె ఉయ్యాలలో వేసి నాట్లు వేసింది. ఎండకు బిడ్డకు జ్వరం పట్టుకుని చావు దాకా పోయి వచ్చింది. దేవుని దయ వల్ల బతికిందని శరణయ్య అన్నాడు. హంపమ్మ అంతటితో ఊరుకోలేదు. పాలిచ్చే తల్లులను మధ్యాహ్నం ఒకసారి ఇంటికి వదలాలి, లేకపోతే ఎవరమూ రాము అని గుంపును ఒక్క మాట మీద నిలబెట్టింది.

ముందురోజు రాత్రే అనుకోవచ్చు కదా అంటారు మీరు. నాలుగు కేరీల, అంటే నాలుగు వీధుల ఆడవాళ్ళు, చీకటి పడ్డాక వంటలు, పిల్లలు. పైగా ఏ మడికి నీళ్ళెక్కాయో తెల్లారితే గానీ తెలియదు. అందరూ ఒకచోట కలిసేది మైకు కిందే. అక్కడ రైతులూ ఉంటారు. వాళ్ళు నోరు మూసుకుని దూరంగా నిలబడేదీ, ఆడవాళ్ళ గుసగుసలు వాళ్ళకు వినబడనంత గట్టిగా ఒక గొంతు మోగేదీ ఆ ఐదు నిమిషాలే. ఆ ఐదు నిమిషాలు లేకపోతే రైతులు ఒక్కొక్కరినీ విడివిడిగా లాక్కుంటారు. విడిగా దొరికిన మనిషి దేనికైనా తల ఊపుతుంది.

నేను కందిరీగల గూడు తీసి చప్పుడు చేయకుండా దిగాను. కోరికలు వదలమని పైన చెబుతుంటే కింద అంత శ్రద్ధగా కోరుకోవడం నేను ఇంకెక్కడా చూడలేదు.

అర్జీ

కొన్నాళ్ళకు బళ్ళారి ఆఫీసుకు ఒక అర్జీ వచ్చింది. రాసింది ఆ సుబ్బారాయుడు గారే. క్యాంపులో పెద్దరైతు, చదువుకున్నవాడు, పేపరు తెప్పించుకునే మనిషి, మర్యాదస్తుడు. ప్రభుత్వం అన్ని మతాలవారిది, అందువల్ల ప్రభుత్వ రేడియోలో భక్తి ప్రసంగాలు ఊరందరి చెవిలో పోయడం న్యాయం కాదని చక్కటి తెలుగులో రాశారు. ఆయనకు హంపమ్మ సంగతి తెలియదు. ఆయన బాధ నిజంగా సిద్ధాంతమే. ఎండెక్కకముందు ఐదు నిమిషాలు కలిసొస్తాయన్న ఆశ కూడా కాస్త ఉండొచ్చు.

రాఘవాచారి గారు నన్ను పిలిచారు. "చూడవయ్యా, దేవుడు రేడియోలో ఉండాలా వద్దా అన్నది మన డిపార్టుమెంటు తేల్చేది కాదు. రెండో అర్జీ రాకూడదు, అంతవరకే మన పని. మీటింగు పెట్టు. ఎక్కువ మంది వద్దంటే గడియారం ఐదు నిమిషాలు వెనక్కి జరుపు. రేడియో నేరుగా వ్యవసాయ వార్తలతో మొదలవుతుంది."

"మీ అభిప్రాయం సార్?"

ఆయన చెయ్యి నుదుటి మీదికి పోయింది, నామం లేదని గుర్తొచ్చి దిగింది. "ఆఫీసులో నాకు అభిప్రాయాలుండవు" అన్నారు.

దేవుని తరఫున

మీటింగు మైకు కిందే. ఛైర్మన్ బసప్ప కుర్చీలో కూర్చుని, "మంచి మాటలు తీసేస్తే ఊరికి అరిష్టం" అని మొదలుపెట్టాడు. ఆయన నిద్ర లేచేసరికి మంచి మాటలు ఎప్పుడూ అయిపోయి ఉంటాయని ఊరందరికీ తెలుసు కాబట్టి ఎవరూ పట్టించుకోలేదు.

సుబ్బారాయుడు గారు లేచారు. "నేనూ భక్తుణ్ణేనండీ. మా ఇంట్లో పూజగది ఉంది. కానీ మా ఇంట్లో ఉంది, మీ నెత్తిన లేదు. సొంత రేడియో అయితే ఇష్టం లేనివాడు చెవి మెలిపెట్టి ఆపుకుంటాడు. ఈ మైకుకు చెవేదండీ? ఇవాళ మన దేవుడి మాటలు కాబట్టి బాగున్నాయి. మరి కాశింసాబు గారికి ఏం సమాధానం చెబుతారు?"

బట్టల అంగడి కాశింసాబు ఉలిక్కిపడ్డాడు. "నన్నెందుకు లాగుతారప్పా మధ్యలో? నేను అంగడి తెరిసేసరికి మీ మాటలన్నీ ఖాళీ అయిపోయింటాయి."

ఇక్కడ నా కష్టం మీకు అర్థం కావాలి. సుబ్బారాయుడు గారు చెప్పిన ప్రతి మాటా నాకు సమ్మతమే. నా మనసులో ఉన్నదే ఆయన నాకంటే బాగా చెప్పారు. కానీ మంచి మాటలు పోతే గంగమ్మ బిడ్డకు మధ్యాహ్నం పాలు పోతాయి. ఆ సంగతి బయటపెడితే రైతులు రేపటి నుంచి ఆడవాళ్ళ మధ్యకు వచ్చి నిలబడతారు. అంటే నేను నిజం చెప్పడానికి లేదు. మంచి మాటలను కాపాడాలంటే భక్తి పేరు చెప్పే కాపాడాలి. ఆ సరుకు నా దగ్గర తక్కువ.

అయినా లేచాను. "పొద్దున్నే నాలుగు దైవికమైన మాటలు వింటే మనసుకు... అంటే, మనసు ఒక విధంగా... శాంతి అనేది..." అని మొదలుపెట్టి ఎటూ పోలేక నిలబడ్డాను.

సుబ్బారాయుడు గారు నన్ను జాలిగా చూశారు. "తమరు గుడికి వెళ్తుంటారాండీ?"

"అప్పుడప్పుడు."

"ఈమధ్య ఎప్పుడు వెళ్ళారు?"

"జాతరలో మైకు చెడిపోతే బాగుచేయడానికి."

జనం గొల్లుమన్నారు. నేను కూర్చున్నాను. నా జన్మలో దేవుని తరఫున మాట్లాడింది ఆ ఒక్కరోజే, అది ఆయనకు కూడా ఏమంత సంతోషం కలిగించి ఉండదు.

హంపమ్మ కొంగు సవరించుకుని లేచింది. "మేం కూలికి పోయేటోళ్ళం. గుడికి పోయేకి మాకు పొద్దు యాడుండాది? నాలుగు దేవుని మాటలు చెవున పడితే దినమంతా మనసు సల్లగుంటాది. తీయొద్దండప్పా." ఎంత బాగా చెప్పిందంటే బసప్ప కళ్ళు తుడుచుకున్నాడు. నేను నేల చూపులు చూశాను.

మంచి మాటలు వద్దనేవాళ్ళను చేతులెత్తమన్నారు. రైతులు ఎక్కువగా వచ్చారు, ఎత్తారు. ఆడవాళ్ళ చేతులను బసప్ప ఎంచలేదు. పంచాయతీ విషయంలో ఆడవాళ్ళను ఎంచే అలవాటు ఆయనకు లేదు. నేను తాళం తీసి గడియారం ముల్లు జరిపాను.

మైకు పలకని పొద్దు

ఏం జరుగుతుందో చూద్దామని రాత్రికి అక్కడే ఉండిపోయాను. పొద్దున్నే ఆడవాళ్ళు వచ్చి కూర్చున్నారు. రైతులు అలవాటు కొద్దీ చెప్పులు విప్పి నిలబడ్డారు. శరణయ్య చాప వేసుకుని కళ్ళు మూసుకున్నాడు. మైకు పలకలేదు. అందరూ ఒకసారి తలెత్తి మిద్దె చూశారు.

తర్వాత ఒక రైతు మెల్లగా ఒక చెప్పు తొడుక్కున్నాడు. పక్కాయన రెండూ తొడుక్కున్నాడు. అంతే, అందరూ ఒక్కసారి మీద పడ్డారు. "నువ్వు మా బండెక్కు!" "ఆమె నిన్ననే మా కాడికి వస్తానన్నాది!" ఒక ముసలమ్మ చద్ది గంపను ఇద్దరు రైతులు రెండు పక్కల పట్టుకుని లాగితే అందులో రొట్టెలు ఎద్దు తినేసింది. రెండు బండ్ల చక్రాలు ఒకదానిలో ఒకటి ఇరుక్కున్నాయి. హంపమ్మ "ఉండండే, ఎవురూ లేయొద్దండే!" అని అరుస్తూనే ఉంది. ఆ గోలలో ఆమె గొంతు ఎవరికి వినిపిస్తుంది?

సుబ్బారాయుడు గారు మాత్రం పక్కన నిలబడి, "వరసగా వెళ్దామండీ, మర్యాదగా వెళ్దామండీ" అంటూ ఉండిపోయారు. దుమ్ము అణిగేసరికి ఆయనకు ఒక్క కూలీ కూడా మిగల్లేదు. మైకు కింద ఆయనా, నేనూ, శరణయ్య మిగిలాం. శరణయ్య అప్పుడు కళ్ళు తెరిచి, చేతులు జోడించి, చాప చుట్టుకుంటూ అన్నాడు:

"ఈ పొద్దు శానా బాగా చెప్పినాడప్పా."

సుబ్బారాయుడు గారూ నేనూ ముఖాలు చూసుకున్నాం. ముసలాయనకు చెవుడని ఆ రోజు దాకా ఎవరికీ తెలియదు. ఆయనా చెప్పలేదు, మేమూ అడగలేదు.

నవ్వు అక్కడితో సరి. గంగమ్మను చాలా దూరాన ఉన్న చేనికి లాక్కుపోయారు. మధ్యాహ్నం ఇంటికి పోతానంటే, "అట్లయితే రేపు రావద్దు" అన్నారు. ఒంటరిగా ఉంది, ఉండిపోయింది. ఆమె చీకటి పడి తిరిగొచ్చేసరికి పాలు గడ్డకట్టి రవిక తడిసి, ఒళ్ళు జ్వరంతో కాలుతోంది. బిడ్డకు పొద్దంతా పక్కింటివాళ్ళు చక్కెర నీళ్ళు పట్టారు.

హంపమ్మ ఆఫీసు మెట్ల మీదికి వచ్చి కూర్చుంది. తిట్టలేదు. "నీ పెట్టె పలకల్యా. నా మనవరాలు పొద్దంతా పలికింది రేడియప్పా" అంది.

ఐదు నిమిషాల బేరం

రాను రాను ఇంకా చెడింది. కొందరు రైతులు తెల్లారకముందే కేరీల్లోకి పోయి తలుపులు తట్టడం మొదలుపెట్టారు. కుక్కలు ఇద్దరిని కరిచాయి. మర్యాద కోసం తలుపులు తట్టని సుబ్బారాయుడు గారి నారు మాత్రం మడిలోనే ముదిరి పసుపెక్కింది. ఒకరోజు ఆయన నా సైకిలు ఆపారు.

"నా సిద్ధాంతంలో మార్పేమీ లేదండీ. మతం వద్దు. కానీ ఆ ఐదు నిమిషాలు... ఏదైనా వీణలాంటిది పెట్టించగలరా?"

మళ్ళీ మీటింగు పెట్టాం. వీణ మాట రాగానే రైతులందరూ తల ఊపారు. దేవుడూ నొచ్చుకోడు, సర్కారూ నొచ్చుకోదు. బసప్ప "అయిపోయె" అని కుర్చీలోంచి లేవబోయాడు. అప్పుడు హంపమ్మ లేచింది.

"గమ్మున కూకో బసప్పా. వీణ పెడితే మీరు నోరు మూస్తారా? పాట వచ్చినప్పుడు మాట్లాడకుండా ఉండిన మగోణ్ణి నేను సూడల్యా. వార్తలు పెడితే ఇంకా గట్టిగా మాట్లాడతారు. దేవుని మాటకు ఒక్కదానికే మీరు నోరు మూసేది. మాకు అదే కావాల."

"మీకెందుకమ్మా మా నోరు సంగతి?" అన్నారు సుబ్బారాయుడు గారు.

ఆమె గుంపు వైపు ఒకసారి చూసింది. గంగమ్మ బిడ్డను చంకన వేసుకుని చివర నిలబడి ఉంది. హంపమ్మ చెప్పేసింది.

"మేం దేవుని మాట ఎన్నడూ ఇనల్యా అప్పా. మీరు కండ్లు మూసుకుని నిలబడినప్పుడు మేం మా మాట మాట్లాడుకుంటాంటిమి. యాడికి పోవాల, బిడ్డతల్లులను మద్యాన్నం పంపేది ఎవురు, పంపంది ఎవురు. అదీ సంగతి. ఏం చేసుకుంటారో చేసుకోండి."

అంతా అయిపోయిందనుకున్నాను.

సుబ్బారాయుడు గారు మెల్లగా అన్నారు: "అంటే... నేను రోజూ చెప్పులు విప్పి, చలిలో, తల వంచుకుని..."

"పుణ్యం యాడికీ పోదులేప్పా. మీకు వచ్చే ఉంటాది" అంది హంపమ్మ.

ముందు నవ్వింది కాశింసాబు. తర్వాత ఆడవాళ్ళు. చివరికి సుబ్బారాయుడు గారు కూడా, కండువా నోటికి అడ్డం పెట్టుకుని, కళ్ళనీళ్ళు వచ్చేలా నవ్వారు. ఏమీ వినబడని శరణయ్య అందరూ నవ్వుతున్నారు కదా అని తానూ నవ్వాడు.

నవ్వు ఆగాక సుబ్బారాయుడు గారు నిలబడి, క్యాంపు రైతులవైపు తిరిగి చెప్పారు. "బిడ్డతల్లులు మధ్యాహ్నం ఇంటికి వెళ్ళి రావాలి. ఎవరూ అడగక్కర్లేదు. మన క్యాంపులో ఇది ఖాయం. కాదనేవాళ్ళు నాతో మాట్లాడండి." కాదన్నవాళ్ళు లేరు. ఒకరిద్దరు గొణిగారు గానీ ఆయన మాటకు ఎదురు చెప్పే ధైర్యం వాళ్ళకు లేదు. ఆయన హంపమ్మ వైపు తిరిగారు. "ఇక ఆ మాటల అవసరం లేదు కదమ్మా మీకు?"

"శానా సంతోషమప్పా. మీరు మంచోళ్ళు" అంది హంపమ్మ. "పెట్టె మాత్రం పొద్దన్నే పలకాల."

"ఇంకా ఎందుకు?"

"ఈ మాట అయిపోయె. రేపు ఇంకో మాట వస్తాది కదా."

ఆయన కండువా భుజాన వేసుకున్నారు. తర్వాత నా వైపు చూసి, "తాళం తెచ్చారాండీ?" అన్నారు.

నన్నడిగితే

బళ్ళారి వెళ్ళి రాఘవాచారి గారికి చెప్పాను. "రెండో అర్జీ రాలేదు కదా?" అన్నారు. రాలేదన్నాను. "చివరికి ఎవరు గెలిచారు?" అన్నారు. చెప్పడం కష్టం సార్ అన్నాను. "అయితే బాగా జరిగినట్టే" అని ఫైలు మూసేశారు.

మరి మంచి మాటలు పొద్దున రేడియోలో ఉండాలా? నన్నడిగితే సుబ్బారాయుడు గారి వాదమే సరైనదని ఇప్పటికీ అంటాను. ప్రభుత్వం వాళ్ళ రేడియో, ఎవరూ ఆపుకోలేని మైకు, దాంట్లో ఒకరి దేవుడి మాట ఊరందరి నెత్తిన పోయడం నాకు ఇప్పటికీ ఇష్టం లేదు. కమిటీ వేసి అడిగితే వద్దనే రాస్తాను. కానీ ఆ కమిటీలో మీరుంటే ఒక పని చేయండి. స్టేషనులో మాట్లాడేవాడి మాటలు చదివి మాత్రమే తేల్చకండి. ఒక పొద్దున మైకు కిందికి పోయి నిలబడండి. అక్కడ ఎవరున్నారో, ఆ ఐదు నిమిషాలను వాళ్ళు దేనికి వాడుకుంటున్నారో చూడండి. తీసేయదలుచుకుంటే వాళ్ళకు బదులేమిస్తారో ముందు ఆలోచించుకుని తీసేయండి. నేను ముల్లు జరిపే ఉద్యోగిని కాబట్టి ఇంతకంటే పెద్ద సలహా నా దగ్గర లేదు.

గడియారం పాత వేళకు తిప్పిన మర్నాడు కూడా నేను ఆ ఊళ్ళోనే ఉన్నాను. మైకు పలికింది. జీవితం పడవ అనే ఆయనే వచ్చాడు. ఆడవాళ్ళు కొంగు కప్పుకుని చేతులు జోడించారు. ఇప్పుడు ఊరందరికీ అసలు సంగతి తెలుసు. అయినా రైతులు ఒక్కొక్కరే చెప్పులు విప్పారు. సుబ్బారాయుడు గారు అందరికంటే ముందు విప్పి, అందరికంటే కిందికి తల వంచుకుని నిలబడ్డారు. ఆయన భుజాలు నవ్వుతో కదులుతున్నాయి.

మధ్యాహ్నం సైకిలు మీద కాలువ గట్టు వెంట కంప్లికి బయలుదేరాను. ఎదురుగా గంగమ్మ, మోకాళ్ళ దాకా బురదతో, చీరె ఎగ్గట్టుకుని ఇంటికి పరుగెత్తుకుంటూ వస్తోంది. ఉద్యోగం మీద ఉన్నవాణ్ణి కాబట్టి, మా ప్రసారాలు జనానికి ఎలా ఉన్నాయో తెలుసుకోవడం కూడా నా విధుల్లో ఒకటి కాబట్టి, అడిగాను.

"ఈ పొద్దు మంచి మాటలు ఏం చెప్పినారమ్మా?"

"ఎవురిన్నారప్పా!" అని నవ్వి, ఆగకుండానే నన్ను దాటి పరుగెత్తింది.

కేరి మొదట్లోంచే పసిబిడ్డ ఏడుపు వినిపిస్తోంది. నేను సైకిలు దిగి గట్టు మీద నిలబడ్డాను. గంగమ్మ మలుపు తిరిగింది. కాసేపటికి ఏడుపు ఆగింది.